తాడు పట్టిన చేతికి వాటా

మా రత్నాన్ని చూసి ఎవరైనా "పాపం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మొదట్లో ఆ మాట వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇప్పుడు తిరగబడుతున్నాను. అది నా కూతురు, దానికి పదిహేనేళ్ళు. పదో ఏట షుగరు వచ్చింది. పెద్దవాళ్ళకి వచ్చి మాత్రలతో సరిపెట్టుకునే షుగరు కాదు, రోజూ ఇన్సులిన్ సూది పొడుచుకోకపోతే ప్రాణం నిలవని షుగరు. అందులో పాపం ఏముందో నాకు తెలీదు. కష్టం ఉంది. భయం ఉంది. పాపం మాత్రం లేదు.

ఇప్పుడు కాస్త కుదుటపడ్డాం కాబట్టి రాస్తున్నాను. మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే నేను చేసిన తప్పులు మీరు చెయ్యకూడదని ఒక కారణం. రాస్తే నా గుండె దడ కాస్త తగ్గుతుందని ఇంకో కారణం.

మాది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ఊరు. మా ఆయన ఎర్రయ్య వేటకి వెళ్తాడు. నేను ఇంటర్ దాకా చదివి మా ఊరి అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. పిల్లల్ని తూకం వెయ్యడం, ఏ వయసు పిల్లకి ఎంత తిండి కావాలో తల్లులకి చెప్పడం నా ఉద్యోగం. గోడ మీద బొమ్మల చార్టు పెట్టుకుని, పిల్ల ఎండిపోతోందంటే తల్లిది నిర్లక్ష్యమేనని ఎంతమందిని గదమాయించానో లెక్కలేదు. ఆ తల్లులందరికీ ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

2014 వేసవిలో మొదలైంది. రత్నం చిక్కిపోతోంది. పిల్ల పొడుగు సాగుతోంది కదా, అందుకే సన్నబడిందనుకున్నాను. చార్టు చెప్పేది ఒకటే, చిక్కితే తిండి పెంచు. పెంచాను. పల్లీ ఉండలు, బెల్లం వేసిన చోడి (రాగి) అంబలి, అరటిపళ్ళు. అంత తిన్నా సెంటర్లో తూకం వేస్తే ముల్లు వెనక్కే వెళ్తోంది. బిందెలు బిందెలు నీళ్ళు తాగుతోంది. మా అత్త పోలమ్మ మాత్రం దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. దొడ్లో పిల్ల ఒంటికి వెళ్ళిన చోట చీమలు బారులు కట్టడం అత్తే ముందు చూసింది, నాకు చెప్పింది కూడా. చీమలు ఎక్కడ లేవు అని కొట్టిపారేశాను. చదువుకున్నదాన్ని కదా మరి.

జూన్‌లో బడి తెరిచిన వారానికి వాంతులు పట్టుకున్నాయి. పొద్దున్న తొమ్మిదింటికల్లా లేవలేకపోయింది, ఊపిరి బరువుగా తీస్తోంది, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తోంది. ఆటోలో విజయనగరం తీసుకెళ్ళాం. దారి పొడుగునా మా ఆయన పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బోటు తిరగబడినా బెదరని మనిషి ఆ రోజు ఇంకా తొందరగా పొమ్మని ఆటోవాణ్ణి బతిమాలాడు.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం. ఏయే మందులు ఎక్కించారో నాకు తెలీదు, అడిగే ధైర్యం లేదు. గుర్తున్నది వరండాలో సిమెంటు బల్ల. అక్కడ కూర్చున్న ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ జబ్బు అడిగి తెలుసుకుంటారు. షుగరని చెబితే ఒక పెద్దావిడ "చిన్నపిల్లకి షుగరేటి, తీపి ఎక్కువ పెట్టేసుంటావు" అంది. అది తప్పని తర్వాత డాక్టరమ్మ చెప్పింది, నేను పెట్టిన బెల్లం వల్ల వచ్చిన జబ్బు కాదని విడమరిచి చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ బల్ల మీద విన్న మాటే చెవిలో ఉండిపోయింది.

మూడో రోజు రత్నం కళ్ళు తెరిచి చేపల పులుసు కావాలంది. వార్డులో ఆయా నవ్వేసి, మర్నాడు తన ఇంటి నుంచి చిన్న గిన్నెలో చారూ అన్నం తెచ్చింది, డాక్టరమ్మని అడిగి మరీ పెట్టింది. చేపలు కాదు కానీ నువ్వు అడిగావని తెచ్చానంది. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు. ఆ గిన్నె మీద మూతకి ఉన్న సొట్ట మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికి పంపించేముందు డాక్టరమ్మ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. సూది ఎలా వెయ్యాలి, చక్కెర పడిపోతే ఎలా ఉంటుంది, అప్పుడు వెంటనే ఏం పెట్టాలి. పిల్లకి రోజుకి ఎంత తిండి కావాలో కాగితం మీద రాయబోతూ ఆగి అడిగింది.

"ఇంటి దగ్గర బాగా ఆడుతుందా అమ్మా? పరుగులూ గెంతులూ?"

"లేదండీ. ఆటలేటీ లేవు. బుద్ధిగా ఉంటాది," అన్నాను. గర్వంగానే అన్నాను.

మా ఊళ్ళో ఆట అంటే పనీపాటా లేనివాళ్ళు ఆడేది. మా రత్నం నిజంగానే ఆడదు. అది చేసేది వేరు. పొద్దున్నే ఒడ్డున అలివి వల లాగుతారు. పడవలో వెళ్ళి పెద్ద వలని సముద్రంలో వంపుగా పరిచి వస్తే, దాని రెండు తాళ్ళూ ఒడ్డున ఇటొక గుంపూ అటొక గుంపూ పట్టుకుని గంటా గంటన్నరసేపు లాగుతారు. మగా ఆడా పిల్లా ముసలీ తేడా లేదు. తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంది. పడిన చిన్న చేపల్లో, నెత్తళ్ళలోనో కవళ్ళలోనో, దోసెడో రెండు దోసెళ్ళో ఇసకలో కుప్పలుగా పోస్తారు. రత్నం ఏడో ఏట నుంచి ఆ తాడు లాగుతోంది. బడి ఉన్న రోజు ముందొక గంట, సెలవైతే రెండు వలలు. మడమలు ఇసకలో దిగేసి వెనక్కి వెనక్కి నడుస్తూ లాగడం, తన వాటా తను మోసుకుని ఇంటికి పరిగెత్తడం. మాకు అది ఆట కాదు, వ్యాయామం అసలే కాదు. పేరు పెట్టి చెప్పుకునేంత విషయమే కాదు. అందుకే డాక్టరమ్మకి చెప్పలేదు. ఆవిడ కదలకుండా కూర్చునే పిల్లకి సరిపడా లెక్క వేసి ఇచ్చింది.

ఆ కాగితాన్ని నేను దేవుడి పటం పక్కన అంటించాను. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కుండలో తడి ఇసక పోసి అందులో చిన్న కుండ పెట్టి, మందు సీసా దాన్లో దాచాను. అన్నం అంగన్‌వాడీ గ్లాసుతోనే కొలిచాను. రెండు ఇడ్లీలంటే రెండే. మధ్యలో రత్నం వచ్చి "అమ్మా, ఆకలేస్తంది" అంటే గోడ మీద కాగితం చూపించేదాన్ని. ఊళ్ళో పిల్లలు తినకపోతే తల్లుల మీద కేకలేసేదాన్ని, నా పిల్ల అడిగి అడిగి ఊరుకుంటుంటే మాత్రం క్రమశిక్షణ అనుకున్నాను.

ఆగస్టు నాటికి కాస్త తేరుకుంది, బడికి వెళ్తోంది. ఒక ఆదివారం పొద్దున్న తాడు దగ్గరికి వెళ్తానంటే సరేనన్నాను. సూది వేశాను, రెండిడ్లీలు పెట్టాను, పంపించాను. నేను కూడా వెనకాలే వెళ్ళి తట్ట పట్టుకుని నుంచున్నాను. వల సగం వచ్చేసరికి రత్నం తాడు వదిలేసింది. ఒళ్ళంతా చెమట. వణుకుతూ ఏదేదో అంటోంది, ఒక్క మాటకీ అర్థం లేదు. నా వైపు చూసింది కానీ నన్ను గుర్తుపట్టలేదు.

ఎవరో ఆడమనిషి "అమ్మోరు పూనీసినాది" అంది. ఇంకో రెండు వారాల్లో ఊరి అమ్మవారి పండగ. అంతే, తాళ్ళు ఆగిపోయాయి. ఎవరో పసుపునీళ్ళు తెచ్చి పిల్ల నెత్తిన పోశారు. వేపరెమ్మలు వచ్చాయి. మా అత్త మోకాళ్ళ మీద కూలబడి, ఏటి కావాలో సెప్పు తల్లీ అని మనవరాలినే బతిమాలుతోంది. నేను కూడా చేతులు జోడించాను. ఈ ముక్క రాయకుండా దాటేద్దామని చాలా అనుకున్నాను. చెమట, వణుకు, పొంతనలేని మాటలు అని డాక్టరమ్మ వేళ్ళు మడిచి మరీ చెప్పిన నేనే, నా బిడ్డకి దణ్ణం పెడుతూ నుంచున్నాను.

ఎంతసేపో చెప్పలేను, రెండు నిమిషాలో మూడో. పసుపునీళ్ళు బుగ్గ మీద కారుతుంటే పిల్ల నాలుక చాపి వాటిని నాకబోయింది. అది ఆకలి. నాకు అక్కడ తెలివొచ్చింది. చక్కెర పొట్లం ఇంట్లో గూట్లో ఉంది, ఒడ్డుకి తేలేదు. వల లాగేవాళ్ళ కోసం తెచ్చిన టీ క్యాను కనిపించింది. మా వాళ్ళు టీ తాగరు, పాకం తాగుతారు. ఆ తీపి నా బిడ్డని కాపాడింది. లేపి కూర్చోబెట్టి, మింగుతోందని చూసుకుంటూ గుక్క గుక్కగా పట్టాను. రెండో గ్లాసు సగమయ్యాక నన్ను చూసి, "అమ్మా, నా తాడు ఎవలు పట్టుకున్నారు" అని అడిగింది.

ఆ రోజుతో దానికి తాడు బందైపోయింది. మా ఆయన అటు వెళ్తే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. బళ్ళో ఒక సారు మంచితనం కొద్దీనే ఆటల పీరియడ్‌లో క్లాసులో కూర్చోమన్నారు. అత్త వీధరుగు దిగనివ్వలేదు. నేనూ తక్కువ తినలేదు, నీళ్ళ బిందె ముట్టుకున్నా లాక్కునేదాన్ని. దానయ్య పెద్దమావ మా అలివి వలకి పెద్ద, మా అత్తకి అన్న. ఆయన రోజూ రత్నం పేరున దోసెడు చేపలు ఆకులో కట్టించి మా ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. మంచి మనసుతోనే పంపాడు. రత్నం ఆ పొట్లం విప్పి చూసేది కాదు. నాలుగో రోజు తనే తీసుకెళ్ళి ఆయన ముందు ఇసకలో పెట్టి వచ్చేసింది. లాగనిది తిననని నాతో చెప్పింది. ఆయన మాత్రం పంపడం మానలేదు.

కదలకుండా కూర్చోబెడితే బాగుంటుందనుకున్నామా, చక్కెర పైకి ఎగబాకింది. పిల్ల మొహంలో వెలుగు పోయింది. నాకూ మా ఆయనకీ మాటల్లేవు. ఆయన దృష్టిలో నేను ఒడ్డుకి పంపి పిల్లని చంపబోయిన మనిషిని. నా దృష్టిలో కూడా అంతే.

నవంబరులో మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం, నేనూ రత్నమూ. మధ్యాహ్నం ఒంటిగంటయినా మా పేరు పిలవలేదు. ఎదురు బెంచీ మీద పాతికేళ్ళ అమ్మాయి క్యారేజీ తెరిచింది. తెరిచి, సంచీలోంచి సిరంజి తీసి, అందరి ముందే పొట్ట దగ్గర పొడుచుకుని, ఏమీ జరగనట్టు పప్పన్నం కలుపుకుంది. మేం సూది వేసేటప్పుడు తలుపు గొళ్ళెం పెట్టుకుంటాం, పిల్లకి పెళ్ళి కాదని అత్త భయం. రత్నం ఆ అమ్మాయి ఎదురుగా వెళ్ళి నుంచుని చూస్తోంది.

ఆవిడది శ్రీకాకుళంలో బట్టల కొట్టు. తండ్రి పోయాక తనే నడుపుతోంది. ఎనిమిదో ఏట నుంచి షుగరట. రోజంతా నిచ్చెనెక్కి తానులు దించుతూనే ఉంటానంది. పడిపోవా అని రత్నం అడిగింది.

"పడిపోయీదాన్నే. మా అమ్మ కొన్నాళ్ళు నన్ను గల్లాపెట్టి కాడ కూర్సోబెట్టీసినాది. అప్పుడు తెలిసినాది, కూర్సున్నా జబ్బు పోదు. మనమే పోతాం," అని నవ్వి, పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ తర్వాత రత్నం చెయ్యి పట్టుకుని సూది ఎలా పట్టుకోవాలో, ఎక్కడ పొడిస్తే నొప్పి తక్కువో చూపించింది. నేను ఐదు నెలలుగా వణుకుతూ చేసిన పని నా కూతురు ఆ రోజు నుంచి తనే చేసుకుంది.

లోపల డాక్టరమ్మ రక్తం కోసం రత్నం వేలు పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూసింది. మూడు నెలలుగా తాడు ముట్టకపోయినా కాయలు ఇంకా ఉన్నాయి. ఏమిటివని అడిగింది. నేను నోరు తెరిచేలోపు రత్నమే అలివి వల సంగతంతా చెప్పేసింది, ఇసకా తాడూ మడమలూ వాటా, తను పడిపోవడం, మేం తాడు మానిపించడం అన్నీ. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది.

"ఆటలేమీ ఆడదన్నారు కదమ్మా."

"ఆట కాదండి అది."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్ల ఒంటికి అది ఆటో పనో తెలీదనీ, కదిలిన కదలికకల్లా తిండి కావాలనీ, అంత లాగే పిల్లకి కూర్చునే పిల్ల తిండి పెట్టి పైగా సూది వేస్తే పడిపోక ఏమవుతుందనీ చెప్పింది. తన తప్పు కూడా ఉందంది, ఆట గురించి కాక రోజంతా ఏం చేస్తుందని అడిగి ఉండాల్సిందంది. డాక్టరు నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఆఖర్న ఒక్క మాటంది, అదే నాకు మందైంది.

"తిండి చాలక పడిపోతే మీరు పరుగు ఆపేశారు. పెంచాల్సింది తిండి కదా."

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. భోగాపురంలో దిగేసరికి ఏడుపు కోపమైంది. నా మీద, మా ఆయన మీద, ఆ సిమెంటు బల్ల మీద మాట్లాడిన పెద్దావిడ మీద, పాపం అన్న ప్రతి నోటి మీద. ఆ కోపం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పనికొస్తుందని ఉంచుకున్నాను.

గోడ మీద కాగితం తీసేసి కొత్తది అంటించాను. దాన్లో రెండు లెక్కలున్నాయి, తాడు పట్టే రోజుకి ఒకటి, పట్టని రోజుకి ఒకటి. మా ఆయనతో మూడు రోజులు గొడవ. సముద్రంలోకి వెళ్ళే నిన్ను ఏనాడైనా ఇంట్లో కట్టేశానా అని అడిగాను. నేను మగోడినన్నాడు. తుపాను మగా ఆడా చూస్తాదేటి అన్నాను. పడిపోతే నాకు కబురు పెట్టొద్దని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. బళ్ళో సారుకి డాక్టరమ్మ రాసిన చీటీ చూపించాను, ఆయన చదువుకుని, మర్నాటి నుంచి తన సొరుగులో గ్లూకోజు పొట్లం పెట్టుకున్నారు. అత్తకి మాత్రం చీటీలతో పనిలేదు. ఒక పొద్దున్న రత్నం వేలు పొడుచుకుని చిన్న మిషనులో చక్కెర చూసుకుంటుంటే పక్కన కూర్చోబెట్టాను. అంకె ఎంతైతే మంచిదో మనవరాలే నేర్పింది. ఇప్పుడు అంకెలు తప్ప వేరే అక్షరం రాని మా అత్త మిషను చూసి, పిల్లకి అరటిపండు ఇవ్వాలో వద్దో చెబుతుంది.

మిగిలింది పెద్దమావ. ఆయన తాడు ఇవ్వకపోతే ఎన్ని కాగితాలున్నా దండగే. 2015 జనవరి చివర్లో ఒక పొద్దున్న ఒడ్డుకి వెళ్ళి వలవాళ్ళందరినీ నుంచోబెట్టి, అంగన్‌వాడీలో తల్లులకి చెప్పినట్టు చెప్పాను. చెమట పట్టి వణికితే అమ్మోరు కాదు, ఆకలి. పసుపునీళ్ళు కాదు, చక్కెర. కొందరు మొహం చిట్లించారు. పెద్దమావ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నా తాడు కాడ పిల్ల పడిపోతే ఊరంతా నన్నే అంటాది, లచ్చిమీ. నాను సేపలు పంపుతున్నాను గదా. ఇంట్లో కూకుని తినమను."

"అది లాగనిది తినదు, పెద్దమావ. నువ్వు తాడియ్యకపోతే పక్కోల వల తాడు పట్టుకుంతాది. పిల్ల పడిపోతే ఏటి సెయ్యాలో ఆల్లకి తెలీదు."

 సరే ఆదివారం రమ్మను అన్నాడు ఆయన.

ఆదివారం నాలుగిడ్లీలు పెట్టాను. ఇంకా కావాలంటే ఇంకొకటి పెట్టాను. నడుముకి చిన్న గుడ్డసంచి కట్టుకుంది, అందులో మిషనూ చక్కెరా రెండు అరటిపళ్ళూ. తాడు పట్టుకుంది. నేను తట్ట పక్కన పెట్టి, దాని వెనకాలే నేనూ తాడు పట్టాను. వల సగం వచ్చింది. రత్నం తాడు వదిలేసింది.  గుంపులో ఎవరో టీ క్యాను మూత తీసిన చప్పుడైంది.

రత్నం పక్కకి వెళ్ళి ఇసకలో కూర్చుంది. వేలు పొడుచుకుంది, మిషను చూసుకుంది. పండు వలిచి తీరిగ్గా తింది. కాసేపాగి మళ్ళీ పొడుచుకుని చూసుకుంది. లేచి చేతులు లంగాకి తుడుచుకుని వచ్చి, వదిలిన చోటే తాడు పట్టుకుంది. కాస్త దూరంలో, పడవ సర్దుతున్నట్టు నుంచున్న మా ఆయన అప్పుడు అటు తిరిగిపోయాడు. కబురు పెట్టొద్దన్న మనిషి కబురు అక్కర్లేకుండానే అక్కడున్నాడు.

వల ఒడ్డుకి చేరింది. ఆ రోజు కవళ్ళు పడ్డాయి. పెద్దమావ వరసగా కుప్పలు పోసుకుంటూ వచ్చి రత్నం దగ్గర ఆగాడు. అందరికీ రెండు దోసెళ్ళు పోశాడు, దీనికి దోసెడున్నర పోశాడు. నాకు చర్రున కోపం వచ్చింది. నోరు తెరవబోయాను.

"సగంలో కూకున్నావు గదే," అన్నాడు ఆయన, మొహం మామూలుగా పెట్టుకుని.

రత్నం కుప్పకేసి చూసింది, ఆయనకేసి చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పండు తిన్నంతసేపే గదా తాతా కూకున్నాను. రాములు మావ బీడీ కాల్సుకోడానికి ఎల్లినాడు, ఆడికి తగ్గించినావేటి?"

గుంపంతా గొల్లుమంది. పెద్దమావ నవ్వలేదు. తట్టలోంచి కవళ్ళు తీసి ఒక్కొక్కటే దాని కుప్ప మీద వేశాడు, అది చాలు అనేదాకా వేశాడు. అంతకుముందు అన్నాళ్ళూ దోసిళ్ళు నిండుగా ఊరికే పంపించిన చెయ్యి, ఆ రోజు దానితో బేరమాడింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

రత్నం తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి పరిగెత్తింది. ఆగమని ఎవరూ అనలేదు. నేను వెనకాలే నడుచుకుంటూ వెళ్ళి పొయ్యి వెలిగించి, ఆ పూట ఎసట్లో ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోశాను.